సాహసక్రీడకు లక్షణమేమి?

ఒక వస్తువునకు లక్షణము చెప్పుట ఎంత కష్టమో మన తర్కశాస్త్రజ్ఞులు ఆవును ఉదాహరణముగా గొని బోధించిరి. "కపిలవర్ణము గలది ఆవు" అన్నచో తెల్లని ఆవులు, నల్లని ఆవులు ఆవులే కాకుండ పోవును. ఇది అవ్యాప్తి. "కొమ్ములు గలది ఆవు" అన్నచో గేదెయు, మేకయు కూడ ఆవులలో చేరును. ఇది అతివ్యాప్తి. "చీలని ఒంటిగిట్ట గలది ఆవు" అన్నచో లోకమున ఏ ఆవునకును అది సరిపడదు. ఇది అసంభవము. "మెడక్రింద గంగడోలు గలది ఆవు" అన్నప్పుడు మాత్రమే ఈ మూడు దోషములును తొలగును.

వీడియో ఆటలలో 'అడ్వెంచర్' అను పేరుగల జాతి యొకటి కలదు. దీనిని తెలుగున సాహసక్రీడ అనవచ్చును. ఈ జాతికి గంగడోలు వంటి లక్షణమేది? ఈ ప్రశ్న పైకి అల్పముగా తోచును. కాని నేటి విద్యార్థులు వీడియో ఆటలపై ఎంతో కాలము వెచ్చించుచున్నారు. వానిలో ఏది చేతివేగమునకు పని కల్పించునో, ఏది ఆలోచనకు పని కల్పించునో తెలిసికొనక అన్నిటిని ఒకే గాటకట్టి మెచ్చుకొనుట గాని, త్రోసివేయుట గాని న్యాయము కాదు. ఆ భేదమును గుర్తించుటకు సాహసక్రీడ మంచి దారి చూపును.

పేరును బట్టి చూచినచో, అపాయములు, వీరుడు, దూరప్రయాణము గల ఆట సాహసక్రీడ యని తోచును. కాని శత్రువులను తుపాకితో కాల్చు ఆటలలోను ఇవి యన్నియు కలవు. వానినెవ్వరును ఈ జాతిలో చేర్చరు. ఇది అతివ్యాప్తి. మరి 1993లో వచ్చిన 'మిస్ట్' అను ప్రసిద్ధమైన సాహసక్రీడలో యుద్ధము లేదు. ఆటగాడు నిర్జనమైన ద్వీపమున ఒంటరిగా తిరుగుచుండును. ఇది అవ్యాప్తి. కనుక పేరు మనకు లక్షణమును చెప్పుట లేదు. అయినచో ఆ పేరెట్లు వచ్చినది?

గుహలో పుట్టిన ఆట

అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున మామత్ గుహ యున్నది. ఇంతవరకు కొలతకు వచ్చిన మార్గములే 670 కిలోమీటర్లకు మించిన ఈ గుహ, ప్రపంచమున తెలిసిన గుహలలోకెల్ల పొడవైనది. విల్ క్రౌథర్ అను కంప్యూటరు నిపుణునకు ఈ గుహలలో తిరిగి వాని పటములు తయారుచేయుట యందు మిక్కిలి ఆసక్తి యుండెను. ఆయన భార్య పట్రీషియా, ఫ్లింట్ రిడ్జ్ గుహలు మామత్ గుహతో కలియు మార్గమును 1972లో కనుగొనిన బృందములో ఒకరు. క్రౌథర్ పనిచేసిన 'బోల్ట్, బెరానెక్ అండ్ న్యూమన్' సంస్థ, నేటి ఇంటర్నెట్టునకు పూర్వరూపమైన ఆర్పానెట్ నిర్మాణమున ముఖ్యమైన పాత్ర వహించినది.

1975-76 ప్రాంతమున క్రౌథర్, తన కుమార్తెలు ఆడుకొనుటకై, తాను ఎరిగిన గుహాభాగమును పోలిన ఒక ఆటను ఫోర్ట్రాన్ భాషలో పీడీపీ-10 అను కంప్యూటరుపై వ్రాసెను. 1977లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాన్ వుడ్స్ అను విద్యార్థి దాని ప్రతినొకదానిని చూచెను. దానిని వృద్ధిచేయుటకు కర్త అనుమతి కావలెను. కాని కర్త యెచ్చటనున్నదియు తెలియదు. అందుచే ఆర్పానెట్టులోని కంప్యూటర్లన్నిటికిని క్రౌథర్ పేర ఉత్తరములు పంపెను. అనుమతి లభించినది. వుడ్స్ పెంచిన ఆటలో 140 స్థలములు, మొత్తము 350 మార్కులు కలవు. ఆ కంప్యూటరు ఫైలు పేరునకు ఆరు అక్షరములకు మించి ఒప్పుకొనదు గనుక ఆట 'అడ్వెంట్' అను కురుచ పేరుతో తిరిగినది. పూర్తి పేరు 'అడ్వెంచర్'. తరువాత దీనిని చూచి వ్రాసిన ఆటలన్నిటికిని ఆ పేరే జాతిపేరుగా స్థిరపడినది. అనగా, ఇది గుణమును బట్టి వచ్చిన పేరు కాదు. మూలపురుషుని బట్టి వచ్చిన ఇంటిపేరు వంటిది.

పట్టికలలోని లోకము

ఈ ఆటలో బొమ్మ యొక్కటియు లేదు. ఆటగాడు ఎచ్చటనున్నదియు, చుట్టును ఏమేమి యున్నదియు కంప్యూటరు నాలుగు వాక్యములలో తెలుపును. ఆటగాడు 'టేక్ ల్యాంప్' వలె ఒకటి రెండు ఇంగ్లీషు మాటలతో ఆజ్ఞను టైపు చేయును. దీపము తీసికొనబడినదని కంప్యూటరు బదులిచ్చును. చూచువారికి యంత్రము మాట గ్రహించినట్లే యుండును.

నిజమునకు లోపలనున్నవి పట్టికలు మాత్రమే. ప్రతి స్థలమునకును ఒక సంఖ్య యుండును. ఏ స్థలమునుండి ఏ దిక్కు మాట పలికినచో ఏ సంఖ్యగల స్థలమునకు పోవలెనో ఒక పట్టిక చెప్పును. ప్రతి వస్తువునకును అది యున్న స్థలముయొక్క సంఖ్య వ్రాసియుండును. ఆటగాడు దానిని చేతబట్టినచో ఆ సంఖ్య మారి -1 అగును. క్రింద పెట్టినచో ఆ స్థలముయొక్క సంఖ్య తిరిగి చేరును. తలుపు తెరచియున్నదా, దీపము వెలుగుచున్నదా మొదలగు స్థితులకు మరికొన్ని సంఖ్యలు కలవు. ఈ సంఖ్యలన్నియు కలిసి ఆ క్షణమున లోకముయొక్క స్థితి యగును. ప్రతి ఆజ్ఞయు ఒక స్థితినుండి మరియొక స్థితికి తీసికొనిపోవును, లేదా ఉన్నచోటనే నిలుపును.

మాటలను పోల్చు విధానము కూడ గమనింపదగినది. పీడీపీ-10లో జ్ఞాపకముయొక్క ఒక్కొక్క గడిలో 36 బిట్లు పట్టును. ఇంగ్లీషు అక్షరమొకటికి 7 బిట్లు కావలెను. ఐదక్షరములకు 35 బిట్లు సరిపోవును; ఒకటి మిగులును. అందుచే ఈ ఆట ప్రతి మాటలోను మొదటి ఐదక్షరములనే చూచెడిది. 'నార్త్' అన్నను 'నార్త్ఈస్ట్' అన్నను దానికి ఒకటే. కావున ఈశాన్యమునకు పోదలచినవారు రెండక్షరముల సంక్షేపమును వాడవలసి వచ్చెడిది. ఇటువంటి ఆటను తెలుగులో వ్రాయదలచినవారికి చిక్కులు వేరుగా నుండును. 'దీపము', 'దీపమును', 'దీపముతో' అను రూపములకు మొదలు ఒకటే గనుక తుది విభక్తిని విడిచిపెట్టి పోల్చుట సులభమే. కాని 'తీయుము', 'తీసికొనుము', 'తీసుకో' అను క్రియారూపములన్నియు ఒకే పనిని చెప్పునని యంత్రమునకు వేరుగా నేర్పవలెను.

పక్షి, కర్ర, పాము

ఆటలోని ఒక సమస్యను పరిశీలింతము. గుహలోపల పోవుచుండగా మొదట ఒక పంజరము దొరకును. ఆ తరువాత మూడడుగుల నల్లని కర్ర కనబడును. ముందు పనికివచ్చునని ఆటగాడు రెండును తీసికొనును. మరికొంత దూరము పోగా ఒక గదిలో చిన్న పక్షి పాడుచుండును. దానిని పట్టబోయినచో, తాను గదిలోనికి వచ్చినపుడు బెదరని పక్షి దగ్గరకు పోగానే బెదరుచున్నదని కంప్యూటరు తెలుపును. పక్షి చిక్కదు. ఎన్నిమారులు ప్రయత్నించినను ఫలితమొకటే.

ఇప్పుడేమి చేయవలెను? తెలివిగల ఆటగాడు ఇట్లు తలపోయును: "పక్షి దేనినో చూచి బెదరుచున్నది. నావద్ద పంజరమున్నది, దీపమున్నది, కర్ర యున్నది. వీనిలో ఒక్కొక్కదానిని విడిచి చూచెదను." కర్రను క్రింద పెట్టినంతనే పక్షి చిక్కును. తరువాత కొండరాజు పేరుగల ఒక మంటపమున పెద్ద పచ్చని పాము దారికడ్డముగా నుండును. పామును కొట్టి గెలువలేము. పంజరమునుండి పక్షిని విడిచినచో అది పామును తరిమివేయును, దారి తెరచుకొనును.

ఇచ్చట ఆటగాని చేయి ఏమియు చేయలేదు. త్వరపడవలసిన పనియు లేదు. అతడు టైపు చేయువరకు పామును, పక్షియు కదలక కాచుకొనియుండును. అడ్డము తొలగించినది ఒక నియమమును తెలిసికొనుటయే. ఆ నియమమును తెలిసికొనుటకు అతడు చేసినది, ప్రయోగశాలలో మనము చేయునదే. అన్నిటిని ఒకమారు మార్చక ఒక్క అంశమును మాత్రమే మార్చి ఫలితమును చూచెను.

గుహలో ఒక చిక్కుదారి కూడ కలదు. అందలి గదులన్నిటికిని కంప్యూటరు ఒకే వర్ణనను చెప్పును. ఏది ఏ గదియో తెలియక ఆటగాడు చుట్టి చుట్టి తిరుగును. తనవద్దనున్న వస్తువులను గదికొకటి చొప్పున విడిచినచో, గదులకు గుర్తులేర్పడును. తరువాత ప్రతి గదినుండి ప్రతి దిక్కునకును పోయి, ఏ గుర్తు కనబడినదో కాగితముపై వ్రాసికొన్నచో పటము సిద్ధమగును. బిందువులు, వానిని కలుపు రేఖలు గల ఇట్టి పటమును గణితమున గ్రాఫు అందురు. ఆ పేరు వినని బాలుడు కూడ ఈ ఆటలో గ్రాఫును గీయును.

పోయినవి, నిలిచినవి

ఒక జాతికి ఏది లక్షణమో తెలిసికొనుటకు, కాలక్రమమున ఆ జాతినుండి ఏవేవి తొలగిపోయినను జాతి చెడలేదో చూచుట ఒక మార్గము.

మొదట మాటలు మాత్రమే యుండెను. 1980లో రాబర్టా విలియమ్స్, కెన్ విలియమ్స్ దంపతులు ఆపిల్-2 కంప్యూటరుకై చేసిన 'మిస్టరీ హౌస్'లో గీతల బొమ్మలు వచ్చినవి. 1984లో వారి 'కింగ్స్ క్వెస్ట్'లో కథానాయకుడు బొమ్మలో నడచుట మొదలిడెను. 1987లో వచ్చిన 'మేనియాక్ మాన్షన్'లో టైపు చేయుట పోయినది. క్రియాపదములు తెరపైననే యుండును, వానిని గుర్తుతో ఎన్నుకొనిన చాలును. 1990లో వచ్చిన 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్'లో నాయకుడు చనిపోవు భయము దాదాపు పూర్తిగా పోయినది. మూడు సంవత్సరముల తరువాత రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అను సోదరులు చేసిన 'మిస్ట్'లో క్రియాపదముల జాబితాయు లేదు, మూటనిండ వస్తువులు మోయుటయు లేదు.

ఇన్ని పోయినను వీనినన్నిటిని సాహసక్రీడలనియే అనుచున్నారు. నిలిచినదేది? 'మంకీ ఐలాండ్'లోని కత్తియుద్ధమును చూడుడు. అందు గెలుపు చేతివాటముపై ఆధారపడదు. ఎదిరి ఎత్తిపొడిచిన మాటకు తగిన జవాబును తెలిసియున్నవాడు గెలుచును. జవాబు తెలియనివాడు ఓడును. కాని ఓడినప్పుడెల్ల కొత్త ఎత్తిపొడుపులను నేర్చుకొనును. కత్తియుద్ధము కూడ ఇచ్చట జ్ఞానపరీక్షయే. 'మిస్ట్'లో ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము కలదు. ఆ ఆట ముగింపునకు పోవు దారి మొదటి క్షణమునుండియు ఆటగాని యెదుటనే యుండును. రహస్యము తెలిసినవాడు కొద్ది నిమిషములలో ఆటను ముగింపగలడు. తెలియనివాడు దినములకొలది ద్వీపములలో తిరుగవలెను. ఇద్దరికిని ఉన్న తేడా ఒక్కటే: తెలియుట, తెలియకపోవుట.

ఇదియే ఈ జాతికి గంగడోలు. ఒక కల్పితలోకము, ఆ లోకమునకు కొన్ని నియమములు, వానిని వెదకి తెలిసికొనుటయే ముందునకు పోవుటకు ముఖ్యసాధనము — ఈ మూడును కలిసినచో సాహసక్రీడ.

పొరుగు జాతులు

ఈ లక్షణమును పొరుగు జాతులతో పోల్చి పరీక్షింపవలెను. 1978లో వచ్చిన 'స్పేస్ ఇన్వేడర్స్'లో శత్రువులు పైనుండి దిగుదురు, వారిని కాల్చవలెను. ఆ నియమము నిమిషములో తెలియును. తెలిసినను గెలువలేము, కన్నును చేయియు సాధనచే పదును కావలెను. ఈత గురించి పుస్తకము చదివినంతమాత్రమున ఈత రానట్లే ఇదియు. ఇవి క్రియాప్రధానమైన ఆటలు.

పాత్రధారణ క్రీడలలో నాయకుని బలము, ఆయువు మొదలగునవి సంఖ్యలుగా నుండి, పోరాడిన కొలది పెరుగును. అనగా పెరుగునది పాత్రయొక్క శక్తి. సాహసక్రీడలో పెరుగునది ఆటగాని జ్ఞానము. 1980 దశకమున రష్యాలో పుట్టిన 'టెట్రిస్' ఆలోచనకు పనిపెట్టును గాని, అందు తిరిగి చూచుటకు లోకము లేదు. కావున ఇవి యేవియు మన లక్షణములో చేరవు. అతివ్యాప్తి లేదు.

సరిహద్దున నిలిచిన ఆటలు కూడ కలవు. గుహ ఆటను చూచి వారెన్ రాబినెట్ అను ఆయన అటారి యంత్రమునకై చేసిన 'అడ్వెంచర్' 1980లో వచ్చినది. తాళపుచెవులు, కోటలు, వెదకుట అందు కలవు. వెంటబడు డ్రాగన్లనుండి చేతివేగముతో తప్పించుకొనుటయు కలదు. ఇట్టి మిశ్రమ జాతికి 1986లో వచ్చిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' మిక్కిలి ప్రసిద్ధి తెచ్చినది. 2012లో వచ్చిన 'ది వాకింగ్ డెడ్'లో చిక్కులు తగ్గి, ఎవరితో నేమి పలుకవలెనను నిర్ణయములే ప్రధానమైనవి. 2019లో వచ్చిన 'ఔటర్ వైల్డ్స్'లో ప్రతి 22 నిమిషములకును సూర్యుడు ప్రేలి లోకము మొదటికి వచ్చును. ఆటగానికి నిలుచునది తాను తెలిసికొనిన విషయమొక్కటే. అంతరిక్షనౌకను నడపుటకు చేతినేర్పు కావలసినను, దాని ప్రాణము పాత గుహ ఆటదే. జీవజాతులందు వలె ఇచ్చటను గీతకు ఇరుప్రక్కల కలియు రూపములుండును. అంతమాత్రమున గీత లేదనరాదు.

జవాబు చెప్పినచో మిగులునదేమి?

ఈ లక్షణమునుండి ఒక ముఖ్యఫలితము వచ్చుచున్నది. తెలిసికొనుటయే ఆట యైనప్పుడు, ఇతరులు జవాబు చెప్పినచో ఆట పోవును. కర్రను క్రింద పెట్టుమని ముందే విన్నవాడు పక్షిని పట్టును గాని, దేనినీ కనుగొనడు. ఒకమారు పోయిన ఆ అవకాశము అతనికి తిరిగి రాదు.

1979లో ఏర్పడిన ఇన్ఫోకామ్ అను సంస్థ ఈ చిక్కును చక్కగా గ్రహించినది. ఆటలలో దారితోచనివారికై వారు ప్రచురించిన చిన్న పుస్తకములలో జవాబులు కంటికి కనబడని సిరాతో అచ్చువేయబడెను. ప్రత్యేకమైన కలముతో రుద్దిననే అవి కనబడును. ఒక్కొక్క ప్రశ్న క్రిందను మొదట చిన్న సూచన, తరువాత కొంచెము పెద్ద సూచన, చివరకు పూర్తి జవాబు ఉండెడివి. ఎంత కావలెనో అంతే రుద్దుకొని, మిగిలినది తానే ఆలోచింపవచ్చును. పాఠము చెప్పుటకు ఇది మంచి పద్ధతి కాదా? లెక్క రాని విద్యార్థికి మొత్తము సాధన నల్లబల్లపై వ్రాసి యిచ్చుట వేరు. ఒక అడుగు సూచించి నిలుచుట వేరు.

కాని రెండవ ప్రక్కయు కలదు. నియమము ఊహకు అందునట్లుండవలెను. 1999లో వచ్చిన 'గాబ్రియేల్ నైట్ 3'లో నాయకుడు మోటారుసైకిలు అద్దెకు తీసికొనుటకై తన స్నేహితుని వేషము వేయవలెను. అందుకు పిల్లి వెండ్రుకలతో మీసము చేసికొనవలెను. ఆ స్నేహితునకు మీసమే లేదు! కనుక అతని గుర్తింపుపత్రముపై మీసము గీయవలెను. ఇట్టి చిక్కునకు ఏ పరిశీలనయు దారి చూపదు. తోచినదెల్ల చేసి చూచుటయే గతి. గుడ్డిగా ప్రయత్నించుట ప్రయోగము కాదు. ఆటగానికి ముందుగా న్యాయమైన ఆధారములియ్యనిచో దారి తప్పినది అతడు కాదు, ఆటను వ్రాసినవాడు. 'మంకీ ఐలాండ్' కర్త రాన్ గిల్బర్ట్ 1989లోనే ఒక వ్యాసమున ఇట్టి దోషములను ఎత్తిచూపెను. ఆధారము లేని ప్రశ్నలిచ్చు పరీక్షాపత్రమునకును ఈ విమర్శ చెల్లును.

ఈ విషయమును తరగతిలో పరీక్షించుటకు కంప్యూటరు కూడ అక్కరలేదు. పది అట్టముక్కలపై పది స్థలముల వర్ణనలను, వానినుండి పోవు దిక్కులను వ్రాయవలెను. ఐదు వస్తువులకు ఐదు చీటీలు చాలును. పక్షి, కర్రల వంటి నియమమొకటి ఉపాధ్యాయుడు తనవద్ద దాచుకొనవలెను. ఒక విద్యార్థి కంప్యూటరుగా నిలిచి పట్టికను చూచి బదులు చెప్పును. తక్కినవారు ఆజ్ఞలిచ్చుచు పటము గీయుదురు. ఎన్ని ఆజ్ఞలలో నియమము బయటపడినదో వ్రాసికొన్నచో, గుడ్డిగా ప్రయత్నించిన జట్టునకును, ఒక్కొక్క అంశమును మార్చి చూచిన జట్టునకును గల తేడా వారికే తెలియును. ఆ దినమున వారు నేర్చినది సాహసక్రీడ మాత్రమే కాదు. తెలియనిదానియెదుట ఎట్లు నిలువవలెనో కూడ నేర్తురు.